వకాల్తా ఎవరి పేర?

గుంటూరు సీమలో వ్యాజ్యము పంటతో పాటే పుట్టి పంటతో పాటే పెరుగుచు వచ్చినది. పత్తి విత్తనము మొలకెత్తకపోయినను, మిరపకాయ యార్డులో కమీషన్ వ్యాపారి వ్రాసియిచ్చిన చెక్కు బ్యాంకు నుండి తిరిగి వచ్చినను, ప్రామిసరీ నోటుకు మూడేండ్ల గడువు దాటవచ్చినను, రైతు ఊరిలో ఒక పెద్దమనిషిని తోడు తీసుకొని నరసరావుపేటకో, చిలకలూరిపేటకో, అద్దంకికో, ఒంగోలుకో పోయి ఒక వకీలు గుమ్మము తొక్కక తప్పదు. ఆంధ్ర రాష్ట్ర హైకోర్టు 1954 జూలైలో కోకా సుబ్బారావుగారు ప్రధాన న్యాయమూర్తిగా గుంటూరు పట్టణముననే వెలసి, 1956లో హైదరాబాదునకు తరలిపోయి, అరువదేండ్లకు పైబడిన పిమ్మట 2019లో మరల ఈ జిల్లాలోని నేలపాడు పొలములకే తిరిగి వచ్చినది. కావున న్యాయవృత్తిలో పొడసూపిన ఏ కొత్త గుణమైనను, ఏ కొత్త దోషమైనను ఈ సీమవారికి దూరపు వార్తగా ఉండదు.

అట్టి కొత్త దోషమొకటి కృష్ణకు ఆవలి గట్టున, విజయవాడలోనే కనబడినది. 2025 ఆగస్టులో అచటి ఒక జూనియర్ సివిల్ జడ్జి కోర్టు, అడ్వొకేట్ కమిషనర్ నివేదికపై ఒక పక్షము తెలిపిన అభ్యంతరములను త్రోసిపుచ్చుచు నాలుగు తీర్పులను ఉదాహరించినది. ఆ నాలుగును ఏ సంపుటములోను లేవు. కృత్రిమ మేధ కల్పించి ఇచ్చినవి. హైకోర్టు నివేదిక కోరగా, ఆ పరికరమును తాను వాడుట అదియే మొదటిసారి యనియు, అవి నిజమైన తీర్పులనియే నమ్మితిననియు న్యాయాధికారి విన్నవించుకొనిరి. అన్వయించిన న్యాయసూత్రము సరియైనదే అయినపుడు లేని తీర్పుల ప్రస్తావన మాత్రము చేత ఉత్తర్వు చెడదని 2026 జనవరిలో హైకోర్టు పలికి, ఇకమీదట జాగరూకత వలయునని హెచ్చరించినది. ఫిబ్రవరిలో సుప్రీంకోర్టులో జస్టిస్ పి.ఎస్. నరసింహ, జస్టిస్ ఆలోక్ ఆరాధేల ధర్మాసనము దీనిని మరింత గంభీరముగా గ్రహించి, లేని తీర్పులపై ఆధారపడుట నిర్ణయములో దొరలిన పొరపాటు కాదనియు, దుష్ప్రవర్తన యగుననియు అభిప్రాయపడి, అటార్నీ జనరలుకును బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకును నోటీసులు పంపినది.

ఈ విషయమును ఇరువురు వాదించుకొనునట్లు వ్రాయుటయే ఉచితమని నాకు తోచినది. ఏలయన రెండు పక్షములలోను త్రోసివేయరాని బలమున్నది. ఒకరు గుంటూరు బారులో తల నెరసిన సివిల్ న్యాయవాది. రెండవ వ్యక్తి ఆయన యొద్ద పని నేర్చుకొని, ఇప్పుడు అద్దంకిలో తానుగా ప్రాక్టీసు పెట్టుకొన్న యువతి, మిరప రైతు కుమార్తె.

సీనియరు: అమ్మాయీ, విజయవాడ సంగతి విన్న తరువాత కూడ నీవు ఆ యంత్రముతోనే ఫిర్యాదులు, నోటీసులు వ్రాయించుచున్నావని మన గుమాస్తా చెప్పినాడు. నిజమేనా?

జూనియరు: నిజమే, గురువుగారూ. దాచవలసిన పని యని నేను అనుకొనలేదు. మీ గదిలో గోడ పొడవునా ఏఐఆర్ తీర్పుల సంపుటములు, వాని క్రింద ఏఎల్‌టీ, ఏఎల్‌డీ పుస్తకములు ఏడాది తప్పకుండ బైండు చేయించి ఉన్నవి. మీ తండ్రిగారు కొన్నవి కొన్ని, మీరు కొన్నవి కొన్ని. అద్దంకిలో నా గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు, అయిదారు బేర్ యాక్టులు ఉన్నవి. ఎదుటి పక్షమున విత్తనాల కంపెనీ నిలిచినప్పుడు దాని తరఫున హైదరాబాదు నుండి వచ్చు వకీలునకు చందా కట్టిన గ్రంథాలయము చేతి ఫోనులోనే ఉండును. నా రైతు ఇచ్చు ఫీజుతో నేను ఆ చందా కట్టలేను. ఈ యంత్రము వచ్చిన తరువాత, ఏ చట్టములో ఏ సెక్షను చూడవలయునో, ఏ వాదమునకు ఏ ప్రతివాదము రాగలదో ఒక గంటలో దారి తెలియుచున్నది. ధనికుని చేతిలో దీపమును తప్పు పట్టనివారు పేదవాని చేతికి దీపము రాగానే చేయి కాలునని హెచ్చరించుట న్యాయమా?

సీనియరు: నీ మాటలో బాధ ఉన్నది, బాధలో సత్యమున్నది. దానిని నేను కాదనను. కాని నీవు దీపమన్నది త్రోవ చూపుటతో తృప్తి చెందక, లేని ఊళ్లను కూడ చూపుచున్నదని విజయవాడలో తేలినది గదా. నాలుగు తీర్పులు! ఒక్కటి తప్పినచో చేయిజారినదనుకొందుము. నాలుగును లేనివే యైనపుడు, వ్రాసినవారు కాని, టైపు చేసినవారు కాని, సంతకము పెట్టినవారు కాని ఒక్కసారియైనను పుస్తకము తెరువలేదన్నమాట.

జూనియరు: అది యంత్రము లేకమునుపు కూడ జరుగుచుండిన పనియే. పాత ప్లీడింగులో నుండి పేరాలు ఎత్తి వ్రాయుట, హెడ్‌నోటు చదివి తీర్పు చదివినట్లు వాదించుట, కొట్టివేయబడిన తీర్పును ఇంకను చెల్లుబాటులో ఉన్నట్లు చూపుట మన బారులో ఎన్నడును ఎరుగమా? ఆ సోమరితనమునకు యంత్రమొక కొత్త చొక్కా తొడిగినది, అంతియే. పైగా హైకోర్టు చెప్పిన దానిని మీరు తేలికగా తీసివేయరాదు. సూత్రము సరియైనదే యైనచో ఫలితము ఏల మారవలయును? తప్పుడు ఉదాహరణకు శిక్ష వకీలునకు పడనిండు, న్యాయాధికారికి పడనిండు. గెలువవలసిన కక్షిదారును ఓడించుట ఏ ధర్మము?

సీనియరు: ఆ ప్రశ్న మంచిది, నేనును దానిని గురించి చాల ఆలోచించితిని. ఫలితము ఒప్పైనంత మాత్రమున మార్గము ఒప్పు కాదని సుప్రీంకోర్టు పట్టిన పట్టు నాకు సమంజసముగనే తోచుచున్నది. ఓడిన వాడు కోర్టు నుండి ఇంటికి పోవునప్పుడు వాని చేతిలో మిగులునది ఆ ఉత్తర్వు కాగితము ఒక్కటే. తాను ఏల ఓడెనో అందులో వ్రాసియున్నది. దానిని పట్టుకొని అప్పీలుకు పోవలయునా, మానుకొనవలయునా అని ఇంకొక వకీలును అడుగును. ఆ కారణములే లేనివైనచో, వానికి జరిగినది తీర్పు అనుటకు వీలులేదు. గెలిచినవానికి పొలము దక్కినదని సంతోషింతుము. ఓడినవాడు ఏ మాట చేత ఓడెనో ఆ మాటకు ఉనికి ఉండవలయునని కోరుట అతని హక్కు.

జూనియరు: దానిని ఒప్పుకొందును. కాని అది తీర్పు వ్రాయువారి ధర్మము. కేరళ హైకోర్టు 2025 జూలైలో తన జిల్లా న్యాయస్థానములకు ఒక విధానమును ప్రకటించినది గదా. ఉత్తర్వునకు గాని, తీర్పునకు గాని, నిర్ధారణకు గాని యంత్రముపై ఆధారపడరాదనియు, ఆమోదము పొందిన పరికరములనే వాడవలయుననియు, వాడినపుడెల్ల లెక్క వ్రాసియుంచవలయుననియు, అనువాదములను మనుష్యులే సరిచూడవలయుననియు అందులో ఉన్నది. వారు సైతము యంత్రమును తలుపవతలకు గెంటలేదు, హద్దు గీచినారు. సుప్రీంకోర్టు తానే 2019 నుండి సువాస్ అను అనువాద పరికరమును ఉపయోగించి తన తీర్పులను తెలుగుతో సహా మన భాషలలోనికి తెచ్చుచున్నది. ఇంగ్లీషు రాని మా నాన్న తన భూమికి సంబంధించిన న్యాయమును తెలుగులో చదువుకొనగలిగినచో, ఆ పని వెనుక యంత్రమున్నదని నేను సిగ్గుపడను.

సీనియరు: సిగ్గుపడుమని నేను చెప్పలేదు. సువాస్ తెచ్చిన అనువాదమును మనుష్యులు చూచి దిద్దిన తరువాతనే బయటికి వచ్చును. నీవు చేయుచున్న పనిలో ఆ దిద్దువారెవరు? నీ చేతిలో ఇప్పుడున్న కేసునే చెప్పుము.

జూనియరు: చెప్పుదును. పోయిన వారము ఒక రైతు వచ్చినాడు. మూడెకరములలో మిరప వేసినాడు, అందులో రెండెకరములు కౌలు. తేజ రకమని చెప్పి అమ్మిన విత్తనము మొక్కలుగా లేచి పూతకు వచ్చిన తరువాత ఒకదానికొకటి పోలిక లేకుండ కాసినది. కొన్నింటికి పొట్టికాయ, కొన్నింటికి లావుకాయ, సగము చెట్లకు కాపే లేదు. ప్లాస్టిక్ సంచిలో ఖాళీ విత్తనపు ప్యాకెట్టు, నలిగిన బిల్లు, ఫోనులో పొలము ఫోటోలు తెచ్చినాడు. నేను ప్యాకెట్టును ఫోటో తీసి, అందలి వివరములను వరుసగా వ్రాయుమని యంత్రమునకు చెప్పితిని. లాట్ నంబరు ఉన్నచోట ప్యాకెట్టు చినిగి చివరి అంకె చెరిగిపోయినది. యంత్రము ఆ అంకెను కూడ నింపి, నిశ్చింతగా వ్రాసియిచ్చినది. బిల్లుపై ఉన్న నంబరుతో సరిచూడగా వేరు అంకె! కంటికి ఆనలేదని అది చెప్పలేదు, గురువుగారూ. మన గుమాస్తా అయినచో, అమ్మా ఇక్కడ కనబడుట లేదని ప్యాకెట్టు నా చేతికి తిరిగి ఇచ్చియుండును.

సీనియరు: నీవే నా వాదమును నాకంటె బాగుగ చెప్పుచున్నావు.

జూనియరు: దాచిన మీదట గెలిచిన వాదము నాకు వద్దు. కాని తక్కినది కూడ వినవలయును. విత్తన లోపముపై వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చునా యని అడిగితిని. పోవచ్చునని చెప్పి మూడు తీర్పులు చూపినది. సుప్రీంకోర్టు తీర్పులు 2023 జనవరి నుండి ఇ-ఎస్‌సీఆర్ పేర ఎవరికైనను ఉచితముగ దొరకుచున్నవి గదా. ఆ రాత్రియే కూర్చుండి వెదకితిని. రెండు లేవు. మూడవది ఉన్నది: నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసు, 2012 జనవరి, మన ఆంధ్రప్రదేశ్ రైతులదే. విత్తన చట్టము ఉన్నంత మాత్రమున రైతు వినియోగదారుడు కాకపోడనియు, కొన్న గింజలన్నియు విత్తుకొను రైతు పరీక్ష కొరకు పిడికెడు దాచియుంచలేదన్న నెపముతో అతని ఫిర్యాదును కొట్టివేయరాదనియు ఆ తీర్పులో ఉన్నది. మొదటి పేజీ నుండి చివరి పేజీ వరకు చదివితిని. ఆ కేసు ఉన్నదని యంత్రము చెప్పకపోయినచో, అయిదారు బేర్ యాక్టులున్న నా గదిలో నాకు ఆ దారి ఎవరు చూపుదురు?

సీనియరు: నేను చూపియుందును. ఫోను చేసిన చాలును.

జూనియరు: మీరు చూపుదురు, నేను మీ శిష్యురాలను కనుక. మీవంటి గురువు లేని మొదటి తరపు వకీళ్లు, దర్శిలోను, వినుకొండలోను, మాచర్లలోను చెట్టు క్రింద బల్ల వేసుకొని కూర్చుండినవారు, ఎవరికి ఫోను చేయుదురు?

పెద్దాయన దీనికి వెంటనే సమాధానము చెప్పలేకపోయిరని వ్రాయుట నా ధర్మము. ఎందుకనగా ఈ ప్రశ్నకు బారు పెద్దలు సమాధానము చెప్పక, యంత్రమును మాత్రము నిందించుచున్నంత కాలము వారి నింద చెల్లుబాటు కాదు. యువ న్యాయవాదులకు పుస్తకమును, పుస్తకము చదువుట నేర్పు మనిషిని అందింపని వృత్తి, వారు యంత్రమును ఆశ్రయించినప్పుడు కోపించు అధికారమును సగము పోగొట్టుకొన్నది.

సీనియరు: ఆ మాట మా తరము మీద పడినది, పడవలసినదే. కాని ఒకటి అడుగుదును. మూడింటిలో రెండు లేవని నీవు చెప్పుచున్నావు. అటువంటి సాక్షి బోనెక్కినచో నీవు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఏమి చేయుదువు? ఒక్క మాట అబద్ధమని తేలగానే తక్కిన సాక్ష్యమంతటిని అనుమానింపుమని కోర్టును కోరవా?

జూనియరు: దానిని సాక్షిగా నేను బోనెక్కించుట లేదు. అది నిజమెరిగి అబద్ధమాడునది కాదు. కోట్లకొలది పుటలు చదివి, ఏ మాట వెనుక ఏ మాట రాదగునో అంచనా కట్టి వాక్యమును అల్లునది. మన తీర్పుల ఉదాహరణలకు ఒక అచ్చు ఉన్నది: ఏడాది, సంపుటము, ఏఎల్‌టీ అనియో ఎస్‌సీసీ అనియో పొడి అక్షరములు, పుట సంఖ్య. ఆ అచ్చును అది బాగుగ పట్టినది. కాని దాని వెనుక చేయి చాచి అందుకొనదగిన బీరువా లేదు. అందుచేత అచ్చులో ఇముడు అంకెలను పోసి ఇచ్చును. నిజమైన తీర్పుల భాండారమునకు అనుసంధించిన పరికరములలో ఈ దోషము తగ్గును గాని పూర్తిగ తొలగదు. ఈ సంగతి తెలిసినవాడు దానిని వాడవచ్చును, తెలియనివాడు వాడరాదు. నా పక్షమింతియే.

సీనియరు: తెలిసినవారే మోసపోయినారమ్మా. 2023లో న్యూయార్కులో విమాన సంస్థపై దావా వేసిన వకీళ్లు ఆరు లేని తీర్పులను దాఖలు చేసిరి. ఈ కేసు నిజమైనదేనా యని వారిలో ఒకరు ఆ యంత్రమునే తిరిగి అడిగిరి. నిజమైనదే యని అది బదులు చెప్పినది. న్యాయమూర్తి అయిదువేల డాలర్ల జరిమానా విధించెను. మన మిర్చి యార్డులో కొనువాడు టిక్కీ బస్తా మూతి విప్పి పైనున్న ఎర్రకాయను చూచి బేరమాడడు. మోచేతి వరకు చేయి జొనిపి నడుమనున్న కాయను బయటికి తీసి, తాలు ఎంత, తేమ ఎంతయని చూచిన తరువాతనే ధర పలుకును. అమ్మువానినే, నడుమ ఎట్లున్నదని అడిగి నమ్మి పోవువాడు ఆ యార్డులో ఒక్క సీజను నిలువడు. నీవు ఉన్నదా లేదా యని చూచితివి, మంచిది. కాని లేని తీర్పు కంటె నన్ను భయపెట్టునది ఇంకొకటి ఉన్నది. తీర్పు ఉండును, పేరు సరియే, పుట సరియే. కాని యంత్రము చెప్పిన సూత్రము అందులో ఉండదు. లేదా ఓడిన పక్షమువారు వాదించిన వాదమును కోర్టు నిర్ణయమని చూపును. వెదకినచో తీర్పు దొరకును గనుక, చూచినవాడు నిశ్చింతగా పడుకొనును.

జూనియరు: అందుకే చివరి పేజీ వరకు చదివితినని చెప్పుచున్నాను.

సీనియరు: ఒక కేసులో చదివితివి. నెలకు నలువది నోటీసులు వ్రాయవలసి వచ్చినపుడు చదువుదువా? చెక్కు కేసు తీసుకొనుము. చెక్కు తిరిగి వచ్చినదని బ్యాంకు తెలిపిన నాటి నుండి ముప్పది దినములలో నోటీసు పోవలయును. అందిన పిదప పదునైదు దినములు గడువు. ఆ పైన నెలలోగా ఫిర్యాదు. ఫిర్యాదు ఆలస్యమైనచో కారణము చూపి మన్నింపు కోరవచ్చును. నోటీసు ఆలస్యమైనచో కోరుటకు వీలే లేదు. యంత్రము తేదీ లెక్కలో ఒక్కరోజు తప్పినచో, ఏడాది పొడవున పండించిన కాయను యార్డులో అరువిచ్చిన రైతు ఆ చెక్కు కేసుపై పెట్టుకొన్న ఆశ అక్కడితో పోవును. అప్పుడు అతనికి, యంత్రము తప్పు లెక్కించినదని చెప్పుదువా?

జూనియరు: చెప్పను. వకాల్తాలో సంతకము నాది. తేదీలు నేను చేతితో లెక్కించి, క్యాలెండరుపై గుర్తు పెట్టి, ఫైలు అట్టపై ఎర్రసిరాతో వ్రాయుదును. అది మీరు నేర్పినదే. యంత్రముతో తేదీలు లెక్కించుట నా పద్ధతి కాదు. నేను దాని చేత చేయించునవి వేరు: వ్రాసిన నోటీసులో వాక్యము తికమకగా ఉన్నదా, ఎదుటి వకీలు దేనిని పట్టుకొని నన్ను నిలదీయును, రైతు చెప్పిన కథలో కాలక్రమము ఎక్కడ తప్పినది. వీనిలో అది తప్పు చెప్పినను నాకు వెంటనే తెలియును. ఏలయన సమాధానము నా చేతిలోనే ఉన్నది.

సీనియరు: రైతు చెప్పిన కథ! అక్కడికే వచ్చుచున్నాను. ఆ కథను నీవు దానిలో వ్రాసితివా?

జూనియరు: పేరు తీసివేసి వ్రాసితిని.

సీనియరు: పేరు తీసినంత మాత్రమున మనిషి మాయమగునా? ఊరు, పొలము విస్తీర్ణము, కౌలు ఎంత, అమ్మిన దుకాణము ఏ వీథిలో, అప్పు ఎవరి దగ్గర; ఇవన్నియు కలిపినచో ఆ మండలములో అతడెవరో పసివాడు కూడ చెప్పగలడు. మన కక్షిదారు మనతో చెప్పు మాట ఎటువంటిదో చూడు. కౌలు నోటి మాటపై ఉన్నదని చెప్పును. వడ్డీ వ్యాపారి వద్ద భార్య నగలు పెట్టినానని, ఆ సంగతి అన్నదమ్ములకు తెలియరాదని చెప్పును. తలుపు దగ్గరకు వేసి చెప్పును. 1872 నాటి సాక్ష్య చట్టములో 126వ సెక్షనుగా ఉండి, నేడు భారతీయ సాక్ష్య అధినియములో 132వ సెక్షనైన నిబంధన ఏమనుచున్నది? అక్రమ కార్యమునకై చెప్పినదియు, నియామకము తరువాత వకీలు కంట పడిన నేరమునకు సంబంధించినదియు తప్ప, కక్షిదారు చెప్పిన మాటను అతని స్పష్టమైన సమ్మతి లేక వకీలు బయట పెట్టరాదు. కేసు ముగిసిన తరువాత కూడ పెట్టరాదు. అంతటితో ఆగలేదు. దుబాసీకిని, వకీలు గుమాస్తాకును, ఉద్యోగికిని ఆ బంధము వర్తించునని చెప్పినది. శాసనకర్తలు ఎంత దూరము ఆలోచించిరో చూడు! రహస్యము నడచు త్రోవలో నిలిచిన ప్రతి మనిషిని కట్టిరి. నీ యంత్రమును ఏ సెక్షను కట్టినది? నీవు వ్రాసిన మాటలు ఏ దేశములో, ఎవరి గిడ్డంగిలో, ఎంతకాలము నిలువయుండునో, వానితో రేపు ఏ కొత్త యంత్రమునకు పాఠము చెప్పుదురో నీకు తెలియునా?

జూనియరు: ఉచితముగ దొరకు వానిలో తెలియదు. డబ్బు కట్టి తీసుకొను కొన్నింటిలో, వ్రాసినది శిక్షణకు వాడబోమని ఒప్పందములో ఉండును.

సీనియరు: ఒప్పందము నీకును ఆ కంపెనీకిని నడుమ. రహస్యము రైతుది. అతడు అందులో ఎక్కడ సంతకము పెట్టినాడు?

జూనియరు: పెట్టలేదు. ఇందులో మీ మాట నెగ్గినది, గురువుగారూ. ఇకమీదట కక్షిదారు కథను అందులో పోయను. న్యాయసంబంధమైన ప్రశ్నను మాత్రము, ఏ ఊరికిని ఏ మనిషికిని చెందని రీతిలో అడుగుదును. కథను పోయవలసిన అవసరము కలిగినచో, తెలుగులో ఒక కాగితము వ్రాసి, చదివి వినిపించి, దీని వలన వచ్చు మేలు ఇది, కీడు ఇది యని చెప్పి, సమ్మతి యైనచో వ్రేలిముద్రయో సంతకమో తీసుకొందును. వద్దన్నవానికి వద్దు, వాని ఫీజు పెంచను, వాని పని వెనుకకు నెట్టను.

నా వరకు ఈ సంవాదమునకు ఆయువుపట్టు ఇదియే. లేని తీర్పును ఎదుటి వకీలు పట్టుకొనగలడు, న్యాయమూర్తి పట్టుకొనగలడు, పై కోర్టు పట్టుకొనగలదు. విజయవాడలో పట్టుబడినది కనుకనే మనమందరము దానిని గురించి మాటాడుచున్నాము. తలుపు వేసి చెప్పిన మాట బయటికి పోయినచో పోయినదని పట్టుకొనువాడే లేడు. చెప్పుకొన్న రైతునకు ఎన్నటికిని తెలియదు. పట్టుబడని తప్పు విషయముననే వృత్తిధర్మమునకు నిజమైన పరీక్ష.

సీనియరు: సమ్మతి పత్రము మాట నాకు నచ్చినది. ఇక కోర్టు మాట. ఈ ప్లీడింగు తయారీలో యంత్ర సహాయము తీసుకొంటినని దాఖలు చేయు ప్రతి కాగితము అడుగున వ్రాయవలయునని నా అభిప్రాయము. దాచుటకు ఏమియు లేనపుడు చెప్పుటకు సంకోచమేల?

జూనియరు: దీనికి మాత్రము నేను ఒప్పుకొనను. మీ కాలమున జూనియరు వ్రాసిన ప్లెయింటుపై, దీనిని నా జూనియరు వ్రాసినదని మీరు వ్రాసితిరా? మీ సంతకమే దానికి పూచీ.

సీనియరు: జూనియరును పిలిచి, ఈ పేరా ఎక్కడిదని అడుగగలను. అడుగగా తడబడినచో ఆ తడబాటు వలన నాకు నిజము తెలియును. యంత్రము తడబడదు.

జూనియరు: యంత్రము తడబడదు కనుకనే దాని పేరు అక్కడ ఉండరాదు. ఆ వాక్యమును వ్రాయనిచ్చినచో ఏమి జరుగునో ఆలోచింపుడు. రెండేండ్లలో అది ప్రతి కాగితము అడుగున అచ్చు వాక్యమై కూర్చుండును. రేపు లేని తీర్పు బయట పడగానే వకీలు లేచి, అయ్యా, యంత్ర సహాయము తీసుకొంటినని ముందే విన్నవించితిని గదా అనును. మీరు నిజాయితీకై పెట్టిన వాక్యము వానికి డాలుగా మారును. అడ్వొకేట్ల చట్టము 1961 నాటిది; దుష్ప్రవర్తనకు మందలించుటయో, సస్పెండు చేయుటయో, పట్టిక నుండి పేరు తీసివేయుటయో 35వ సెక్షనులో ఉన్నది. అది మనిషి పేరునే ఎరుగును. ఆ పేరు ప్రక్కన ఇంకొక పేరును చేర్చకుడు.

సీనియరు: ఈ మాట నేను ఇంతకు మునుపు ఆలోచింపలేదు. వాక్యము డాలు కాగలదనుట నిజము. అయినను కోర్టు కళ్లకు గంతలు కట్టి, నా సంతకమును నమ్ముమని అడుగుట నాకు చాలదనిపించుచున్నది. వాక్యము వద్దన్నచో, ఇంకొకటి కావలయును. ఉదాహరించిన ప్రతి తీర్పు నుండి మొదటి పుటయు, ఆధారపడిన పేరా ఉన్న పుటయు నకలు తీసి, ఆ పేరాకు ప్రక్కన గీత గీచి, కాగితముతో పాటు దాఖలు చేయవలయును. యంత్రము వాడినను, వాడకున్నను, అందరికి ఒకే నియమము.

జూనియరు: నకళ్ల ఖర్చు కక్షిదారుపై పడును.

సీనియరు: పది తీర్పులు పేర్కొనువానికి పడును. ఒకటి పేర్కొనువానికి రెండు కాగితములే. మన వాదమునకు వలసిన తీర్పు సాధారణముగ ఒకటియో రెండో ఉండును. తక్కినవి బరువు కొరకు వేయుచున్నాము. ఆ అలవాటు కూడ కొంత తగ్గనిమ్ము.

జూనియరు: అట్లయినచో విత్తనాల ఫిర్యాదులో నేషనల్ సీడ్స్ ఒక్కటే వేయుదును. కాని తీర్పుతోనే కేసు నిలువదని నాకు తెలియును. కంపెనీవారు లోపము విత్తనములో లేదు, తామరపురుగు తగిలినది, నీరు సరిగ పెట్టలేదు అందురు. 2021లో నల్ల తామరపురుగు గుంటూరు, ప్రకాశం మిరప తోటలను ఊడ్చిపెట్టిన నాటి నుండి ఆ మాట వారికి తయారుగ ఉన్నది. పురుగు పూతను మాడ్చగలదు గాని, ఒకే తోటలో నాలుగు రకముల కాయను కాయించలేదు. దీనిని చెప్పవలసినది శాస్త్రజ్ఞుడు. చెట్టు పొలములో నిలిచియుండగనే వ్యవసాయాధికారి చూచి పంచనామా వ్రాయవలయును. లాం ఫారం వ్యవసాయ పరిశోధన కేంద్రము నుండి ఎవరైనను వచ్చి చూచినచో మరింత బలము.

సీనియరు: ఈ మాటను యంత్రము చెప్పినదా?

జూనియరు: లేదు. మా నాన్న చెప్పినాడు. కోతలు ముగియగానే చెట్టు పీకివేయుదురు, తొందరపడుమన్నాడు.

సీనియరు: అయినచో ఫిర్యాదు సంగతి తరువాత. చట్టము రెండేండ్ల గడువిచ్చినది, చెట్టు రెండు వారములు కూడ ఈయదు. రేపు ఉదయముననే వ్యవసాయాధికారికి అర్జీ పెట్టించి, అందినట్లు ముద్ర వేయించుకొని, దాని నకలు నాకు పంపుము. పొలము నాలుగు మూలల ఫోటోలు కూడ తీయించుము.

జూనియరు: ఈ రాత్రికే అర్జీ వ్రాయుదును, ఈ అర్జీకి నా చేయి చాలును. కాని కోర్టుకు తెలుపు వాక్యము విషయమున నేను మీతో ఏకీభవింపలేదు, గురువుగారూ. నకళ్ల నియమమునకు కూడ, పేద కక్షిదారునకు కోర్టే ఖర్చు భరించునంత వరకు, సగమే ఒప్పుకొంటిని.

సీనియరు: ఏకీభవింపనక్కరలేదు. బార్ కౌన్సిల్ ఏ నియమము చేయునో ఇంకను తెలియదు. చేయుటకు ముందు మఫసిల్ వకీళ్ల మాట వారి చెవిని పడవలయును. ఈ నెల బార్ అసోసియేషన్ సమావేశములో నీవు లేచి ఇదే మాట చెప్పుము. నేను ఎదుటి పక్షమున మాటాడుదును.